తరలిన జనము, తరలిన ఎల్లలు: ఆంధ్రేతర ప్రాంతముల తెలుగు ప్రముఖులను గూర్చి ఒక విచారము

ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగువారిని గూర్చిన రచనలలో ఒక ఆచారము పాతుకొనినది. మొదట ప్రముఖుల పేర్ల పట్టిక వచ్చును. పిదప ‘వీరందరును మనవారే’ అను సంతోషవాక్యము వచ్చును. అంతటితో వ్యాసము పరిసమాప్తమగును. ఈ సంతోషము సహజమైనదే. దానిని తప్పుపట్టవలసిన పనిలేదు. కాని చరిత్ర విచారణము అచ్చట ముగియరాదు, అచ్చటనే ఆరంభము కావలెను. ఒకరిని ‘మనవారు’ అనుటకు ఆధారమేమి? జన్మించిన ఊరా? ఇంటిపేరా? ఇంట వినిపించిన భాషయా? జీవితమంతయు చేసిన సేవయా? ఈ నాలుగును ఒక్కచోట కలిసియుండు సందర్భములు అరుదు. అవి విడివడియున్న చోటులనే ఈ చరిత్రలోని అసలు విశేషము కనబడుచున్నది.

ఈ విచారమునకు ఉపకరించు భేదమొకటి కలదు. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రములలో నేడు తెలుగువారు కనబడుటకు కారణములు రెండు విధములు. కొన్ని చోట్లకు జనము తరలిపోయినది. సైన్యములతోను, కొలువులతోను, మగ్గములతోను, విద్యావృత్తులతోను వెళ్ళి ఆ నేలలనే తమవిగా చేసికొనిరి. మరికొన్ని చోట్ల జనము కదలనే లేదు, ఎల్లలు కదలినవి. తాత ముత్తాతల ఇంటనే నిద్రించినవారు మరునాటి ఉదయమున వేరొక రాష్ట్రమున మేల్కొనిరి. యానాము ఈ రెండింటిలో దేనికిని పూర్తిగా చెందదు. అచ్చట జనమును కదలలేదు, ఊరును కదలలేదు. పైన ఎగిరిన జెండా మాత్రమే వేరు. ఈ మూడు స్థితులలో భాషకు పట్టిన గతి మూడు విధములుగా నున్నది. కొందరి జీవితముల ఆధారమున దానిని పరిశీలింతము.

కావేరీ తీరము

తమిళదేశమునకు తెలుగువారు పెద్దయెత్తున తరలుట విజయనగర సామ్రాజ్య విస్తరణముతో ముడిపడియున్నది. 14వ శతాబ్దపు ఉత్తరార్ధమున కుమార కంపన మధుర సుల్తానులను జయించిన నాటినుండి దక్షిణమునకు దారి ఏర్పడినది. 16వ శతాబ్దమున మధుర, తంజావూరు, జింజి నాయక రాజ్యములు వెలసినవి. 1532 ప్రాంతమున సేవప్ప నాయకునితో ఆరంభమైన తంజావూరు నాయకుల పాలనము 1673 వరకు సాగినది. వారి వెంట సేనానులు, కరణములు, పండితులు, రైతులు, కళావంతులు వచ్చిరి. 17వ శతాబ్దపు తొలి దశకములలో పాలించిన రఘునాథ నాయకుడు స్వయముగా కవి; చేమకూర వేంకటకవి విజయవిలాసము ఆయనకు అంకితమైనది. 1620లో తరంగంబాడిలో కోట కట్టుకొనుటకు డేనిషు వర్తకులకు అనుమతి నొసగినదియు ఈ ప్రభువే.

నాయకుల పాలనము అంతరించిన పిదప జరిగినది మరింత గమనింపదగినది. రాజ్యము మరాఠా ప్రభువుల వశమైనది. రాజుల భాష మరాఠీ. ప్రజలలో అధికసంఖ్యాకుల భాష తమిళము. అయినను ఆస్థానమున తెలుగు అంతరింపలేదు. 1684 నుండి పాలించిన శాహజీ తెలుగున యక్షగానములు రచించెను. పల్లకీసేవా ప్రబంధము ఆయన కృతి. 18వ శతాబ్దమున ప్రతాపసింహుని ఆస్థానమున ముద్దుపళని రాధికాసాంత్వనమును రచించెను. తెలుగు ప్రభువు లేనిచోట తెలుగు కావ్యము వెలయుటకు కారణమేమి? ఆనాటికి ఆ భాష ఒక జాతి సొత్తుగా గాక, ఒక కళకు సాధనముగా అందరిచేతను అంగీకరింపబడినది. సైన్యబలముతో వచ్చిన భాష సంగీతబలముతో నిలిచినది.

1767లో తిరువారూరున జన్మించి 1847లో తిరువయ్యారున సిద్ధిపొందిన త్యాగరాజస్వామి ఈ పరంపరయొక్క పరమావధి. వారు ములకనాటి తెలుగు బ్రాహ్మణ కుటుంబమునకు చెందినవారు. వారి జీవితమంతయు కావేరీ తీరముననే గడచినది. శిష్యపరంపర అచ్చటనే వర్ధిల్లినది. ఘనరాగ పంచరత్నములలో మొదటిది సంస్కృతమున నున్నది, తక్కిన నాలుగును తెలుగున నున్నవి. వానిని నేడు పాడువారిలో అధికులకు తెలుగు మాతృభాష గాదు. తమిళ విద్వాంసులు ఆ సాహిత్యమును కంఠస్థము చేసి, తమ లిపిలో వ్రాసికొని, తరువాతి తరమునకు అందించిరి. తిరువయ్యారున స్వామి సమాధిని ఉద్ధరించి ఆలయము కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మ 1878లో మైసూరు రాజ్యమునందలి నంజనగూడులో జన్మించిన విదుషి. రాధికాసాంత్వనమును 1910లో పరిష్కరించి ముద్రింపించినదియు ఆమెయే. కన్నడ నేలపై పుట్టి, తమిళ నేలపై తెలుగు వాగ్గేయకారుని సమాధికి దీపము వెలిగించిన ఆ జీవితమును ఏ రాష్ట్రపు లెక్కలో వ్రాయవలెను?

తంజావూరు సమీపమున మేలట్టూరు గ్రామమున, నృసింహ జయంతి సందర్భమున, వేంకటరామశాస్త్రి రచించిన తెలుగు భాగవతమేళ నాటకములను నేటికిని ప్రదర్శించుచున్నారు. నాటకములున్నంతకాలము ఆ గ్రామమున తెలుగు పలుకు ఉండక తప్పదు. భాష ఇంటికి మాత్రమే పరిమితము కాక, గుడికిని, రంగస్థలమునకును, గురుకులమునకును చెందినప్పుడు దాని ఆయువు పెరుగుననుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము లేదు.

నందికొండల చెంత

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ఇంటిపేరు ఆంధ్రదేశమునందలి ఒక గ్రామము పేరు. గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండము నుండి వారి పూర్వులు మైసూరు రాజ్యమునకు తరలిరి. త్యాగరాజస్వామి ఏ ములకనాటి శాఖకు చెందినవారో, వీరును ఆ శాఖకే చెందినవారు. వారి జన్మస్థానము నందికొండల సమీపమున చిక్కబళ్ళాపురము చెంతనున్న ముద్దెనహళ్ళి. బెంగుళూరులో 1881లో బి.ఏ. పట్టమును, పూనాలో 1883లో ఇంజనీరింగు పట్టమును పొంది, 1884లో బొంబాయి ప్రభుత్వపు కొలువున ప్రవేశించిరి.

వారి శాస్త్రకౌశలమునకు ఖడక్వాస్లా జలాశయమున 1903లో అమర్చిన స్వయంచాలక తలుపులు మంచి ఉదాహరణము. జలాశయము నిండిన పిదప నీరు నియమిత మట్టమును మించగానే ఆ తలుపులు తమంతట తామే తెరచుకొనును. మట్టము తగ్గగానే తమంతట తామే మూసికొనును. కట్టను ఎత్తు చేయకుండగనే అధికజలమును నిలువచేయుటకు ఈ ఏర్పాటు తోడ్పడినది. వరద రాత్రివేళ వచ్చినను, కావలివాడు నిద్రించినను ప్రమాదము లేదు. మనుష్యుని జాగరూకతపై మాత్రమే ఆధారపడక, జాగరూకతను యంత్రమునందే నిలుపుట వారి పద్ధతి.

1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీనది పొంగి హైదరాబాదు నగరమున వేలమందిని పొట్టనబెట్టుకొనినది. మరుసటి సంవత్సరమున నిజాము ప్రభుత్వము విశ్వేశ్వరయ్యగారిని ఆహ్వానించినది. నగరమునకు ఎగువన జలాశయములు నిర్మించి వరదనీటిని అచ్చటనే ఆపవలెనని వారు సూచించిరి. ఆ ప్రణాళిక ననుసరించి ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. నగరమును ముంచిన నీరే నగరమునకు త్రాగునీరైనది. పూర్వులు విడిచివచ్చిన తెలుగుదేశమునకు వారసుడు తీర్చిన ఋణమని దీనిని వర్ణించుటకు మనసు ఉవ్విళ్ళూరును. కాని వారు అచ్చటికి బంధుత్వమును పురస్కరించుకొని రాలేదు. ఇంజనీరుగా పిలువబడి వచ్చిరి. ఇంజనీరుగా వచ్చుటయే ఆ సేవకు గౌరవము.

ఆ 1909లోనే మైసూరు ప్రధాన ఇంజనీరు పదవి, 1912లో దివాను పదవి వారిని వరించినవి. 1911లో ఆరంభమైన కృష్ణరాజసాగర నిర్మాణము, 1913లో స్థాపితమైన మైసూరు బ్యాంకు, 1916లో వెలసిన మైసూరు విశ్వవిద్యాలయము వారి పేరుతో ముడిపడియున్నవి. 1955లో భారతరత్న బిరుదమును పొంది, నూరేండ్లు నిండిన పిదప 1962లో దివంగతులైరి. వారి జన్మదినమైన సెప్టెంబరు 15ను దేశము ఇంజనీర్ల దినముగా పాటించుచున్నది. కన్నడిగులు వారిని తమ ఆధునిక రాష్ట్రనిర్మాతగా పూజింతురు. అది న్యాయము. ఇంటిపేరు తెలుగుదేశపు ఊరిది. పంట కన్నడ నేలది. ఈ రెండు వాక్యములలో ఏ ఒక్కటి చెప్పినను సగము చరిత్రయే యగును.

నాగపురము నుండి లార్డ్సు వరకు

కొఠారి కనకయ్య నాయుడుగారు 1895 అక్టోబరు 31న నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమున జన్మించిరి. తండ్రి న్యాయవాది. 1916లో మొదటి తరగతి క్రికెట్టున ప్రవేశించిరి. వారి పేరు దేశమంతట మారుమ్రోగినది 1926లో. ఆ సంవత్సరము ఇంగ్లండునుండి ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వమున ఎం.సి.సి. జట్టు వచ్చినది. బొంబాయి జింఖానా మైదానమున హిందువుల జట్టు పక్షమున ఆడిన నాయుడుగారు రెండు గంటలకు లోపుగనే 153 పరుగులు చేసిరి. వానిలో 11 సిక్సర్లు. విదేశీయుల ఆటలో విదేశీయులను ఇట్లు ఎదుర్కొనవచ్చునని జనసామాన్యమునకు ఆనాడు తెలిసినది. రెండేండ్లకు, 1928లో, భారత క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడినది.

1932లో ఇంగ్లండునకు వెళ్ళిన జట్టుకు నాయకుడుగా పోరుబందరు మహారాజును, ఉపనాయకుడుగా లింబ్డీ రాజకుమారుని నియమించిరి. సంస్థానాధీశులు ముందు నిలువవలెనని ఆనాటి మర్యాద. కాని తమకంటె సమర్థుడు జట్టులో కలడని మహారాజు గ్రహించి తాను తప్పుకొనెను, లింబ్డీ గాయపడెను. ఆవిధముగా జూన్ 25న లార్డ్సు మైదానమున భారతదేశపు మొట్టమొదటి టెస్టు పోటీకి నాయుడుగారు నాయకత్వము వహించిరి. భారతజట్టు 158 పరుగుల తేడాతో ఓడినది. అయినను మొదటి ఇన్నింగ్సున జట్టులోకెల్ల అధికముగా 40 పరుగులు చేసినది నాయకుడే. ఆ పర్యటనలో మొదటి తరగతి పోటీలలో వారు చేసిన పరుగులు 1,618. మరుసటి సంవత్సరమున విజ్డెన్ వార్షిక గ్రంథము ఆ ఏటి ఐదుగురు ఉత్తమ ఆటగాండ్రలో ఒకరిగా వారిని పేర్కొనినది.

నాయుడుగారి జీవితమున అధికభాగము ఇందూరులో హోల్కరు ప్రభువుల కొలువున గడచినది. ‘కల్నల్’ అను పిలుపు ఆ సైన్యము నుండియే వచ్చినది. హోల్కరు జట్టు 1945-46 నుండి 1952-53 వరకు నాలుగుసార్లు రంజీ బహుమానమును గెలిచినది. ఆంధ్ర రాష్ట్రము అవతరించిన 1953-54లో ఆంధ్ర జట్టు రంజీ పోటీలలో తొలిసారి అడుగిడినప్పుడు, 58 ఏండ్ల వయసున నాయుడుగారు దానికి నాయకత్వము వహించిరి. 1956లో పద్మభూషణ బిరుదము లభించినది. ఆ క్రీడాకాలముననే 61 ఏండ్ల వయసున ఉత్తరప్రదేశ్ పక్షమున ఆడిరి. 1967 నవంబరు 14న ఇందూరులో మరణించిరి. వారి తమ్ముడు సి.ఎస్. నాయుడుగారును 11 టెస్టులు ఆడినవారే.

ఆంధ్ర జట్టుతో వారి సంబంధము స్వల్పకాలికమే. హోల్కరు జట్టుతో దశాబ్దములది. అయినను నూతన రాష్ట్రపు జట్టునకు ముందు నడచుటకు ఆ వయసున వారు అంగీకరించుటలో ఒక ఆత్మీయత కలదు. తరలిన జనములో మూలస్థానముపై మమకారము ఇట్లే యుండును. అది నిత్యజీవితమును శాసింపదు. పిలుపు వచ్చిననాడు మాత్రము పలుకును.

మహారాష్ట్రపు తెలుగువారనగా న్యాయవాదుల, క్రీడాకారుల కుటుంబములు మాత్రమే గాదు. షోలాపురమునకు తెలంగాణమునుండి మగ్గముతో తరలిన పద్మశాలీలు ఆ నగరపు దుప్పట్ల పరిశ్రమకు చేతులు, కాళ్ళు అయిరి. ముంబయి నగరమున కట్టడపు పనులకు వెళ్ళిన కామాటీల పేరననే కామాఠీపుర అను పేట వెలసినది. రోడ్డును వేసినవాని పేరు, గోడను కట్టినవాని పేరు ఏ పట్టికలోను చేరదు. పేట పేరే వారి శాసనము. ప్రముఖుల జాబితాను మాత్రమే చరిత్రగా భావించినచో ఈ జనసమూహము మన కన్నులకు కనబడకయే పోవును.

హడగలి, బరంపురము, తిరుత్తణి

ఇక ఎల్లలు తరలిన ప్రాంతములను పరిశీలింతము. గణాంకశాస్త్రమున జగద్విఖ్యాతులైన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920 సెప్టెంబరు 10న హూవినహడగలిలో తెలుగు కుటుంబమున జన్మించిరి. ఎనిమిదవ సంతానమగుటచే దేవకీనందనుని పేరు పెట్టిరి. నాడు ఆ ఊరు మద్రాసు రాజధానిలోని బళ్ళారి జిల్లాలోనిది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లా చీలినది. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు, తక్కినవి మైసూరునకు చెందినవి. హడగలి మైసూరు పాలైనది. 2021 నుండి అది కర్ణాటకమున విజయనగర జిల్లాలో నున్నది. ఒక్క ఊరు కదలకయే ఇన్ని చిరునామాలు మార్చినది.

రావుగారి విద్యాభ్యాసము గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో సాగినది. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, కలకత్తాకు వెళ్ళి భారత గణాంక సంస్థలో చేరిరి. 1945లో కలకత్తా గణితసంఘపు పత్రికలో ప్రకటించిన వారి వ్యాసము ఆ శాస్త్రపు స్వరూపమునే మార్చినది. దానిలోని ఒక ఫలితము క్రామర్–రావు అసమానతగా ప్రసిద్ధము. సామాన్యముగా చెప్పవలెనన్న, మన చేతనున్న పరిశీలనల ఆధారమున తెలియని ఒక రాశిని నిష్పక్షపాతముగా అంచనా వేయునప్పుడు, ఎంత నేర్పు చూపినను ఆ అంచనాలోని చాంచల్యమును ఒక హద్దుకంటె తగ్గింపజాలము. ఆ హద్దు ఎంతయో ఈ అసమానత చెప్పును. మానవుని జ్ఞానమునకు ఉన్న ఎల్లను కొలిచి చూపిన వ్యాసమిది. వారు 1948లో కేంబ్రిడ్జిలో డాక్టరు పట్టమును పొందిరి. 1967లో రాయల్ సొసైటీ సభ్యులైరి. 2023లో గణాంకశాస్త్ర అంతర్జాతీయ బహుమానము నందుకొని, ఆ సంవత్సరము ఆగస్టులోనే 102 ఏండ్ల వయసున అమెరికాలో మరణించిరి. పుట్టిన ఊరినిబట్టి కర్ణాటకమువారు, చదువునుబట్టి ఆంధ్రులు, పరిశోధననుబట్టి వంగదేశపువారు వారిని తమవారనుటలో అసత్యము లేదు.

ఉత్తరమున గంజాము కథయు ఇట్టిదే. వరాహగిరి వేంకట గిరిగారు 1894 ఆగస్టు 10న బరంపురమున జన్మించిరి. తండ్రి జోగయ్య పంతులుగారు అచ్చట పేరుపొందిన న్యాయవాది. గిరిగారు 1913లో న్యాయశాస్త్రము చదువుటకు ఐర్లండునకు వెళ్ళి, ఆ దేశపు స్వాతంత్ర్యోద్యమ వాతావరణమున ప్రభావితులై 1916లో స్వదేశమునకు తిరిగివచ్చిరి. రైల్వే కార్మికుల సంఘోద్యమమున పెరిగి, 1937లో మద్రాసు మంత్రివర్గమున కార్మికశాఖను నిర్వహించి, 1969 నుండి 1974 వరకు రాష్ట్రపతిగా నుండిరి. వారి 41వ ఏట, 1936 ఏప్రిల్ 1న, ఒడిశా రాష్ట్రము ఏర్పడి బరంపురము దానిలో చేరినది. నేడు బరంపురమున తెలుగు ఇండ్లను ‘వలసవచ్చినవి’ అనువారు ఈ తేదీని మరువరాదు.

ఆ తేదీ మరియొక వృద్ధుని జీవితమును కూడ తాకినది. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో దశాబ్దములు ఉపాధ్యాయులుగా నుండి, సవరల భాషను నేర్చి, దానికి వ్యాకరణమును, నిఘంటువును సమకూర్చిరి. తెలుగులో వ్యావహారిక భాషకై పోరాడిన ఆ మహనీయుడు, తన చుట్టునున్న గిరిజనుల భాషకు సైతము అంతటి శ్రమయు పడెను. పర్లాకిమిడి ఒడిశాలో చేరుటను ఎదిరించి, అది తప్పనప్పుడు, 70 ఏండ్లు దాటిన వయసున ఊరు విడిచి రాజమహేంద్రవరమునకు తరలివచ్చిరి; 1940లో మరణించిరి. ఎల్ల కదలినప్పుడు దానివెనుక మనుష్యుడు కదలిన సందర్భమిది. ఇట్లు విడిచివచ్చుటకు వీలున్నవారు కొందరే. భూమియు, వృత్తియు అచ్చటనే యున్నవారు ఎందరో. వారు నిలిచిరి, ఒడియా నేర్చిరి, తెలుగును ఇంటిలో దాచుకొనిరి.

దక్షిణపు టెల్లయందు తిరుత్తణిని చూడుడు. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1888 సెప్టెంబరు 5న అచ్చట జన్మించిరి. ఇంటిపేరు నెల్లూరు సీమలోని సర్వేపల్లిది. తిరుత్తణి 1911లో నూతనముగా ఏర్పడిన చిత్తూరు జిల్లాలో చేరినది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రములోనికి వచ్చినది. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రమునకు మరలినది. వారు ఉపరాష్ట్రపతిగా నున్న 1952–62 మధ్యకాలముననే వారి జన్మస్థలము రెండుసార్లు రాష్ట్రము మార్చినది. 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా వారు చేసిన సేవను తెలుగువారు మరువలేదు. తమిళులును వారిని తమవారిగనే భావింతురు. సరిహద్దు శాసనములతో మనుష్యుని విభజింప సాధ్యము కాదని ఈ ఉదాహరణము తెలుపుచున్నది.

యానాము

గౌతమీ గోదావరి తీరమున, నలువైపుల తెలుగు గ్రామముల నడుమనున్న యానామున ఫ్రెంచివారు 1723లో వర్తకస్థానమును నెలకొల్పిరి. కొలది సంవత్సరములకు విడిచి, 1731లో మరల వచ్చిరి. అది మొదలు, ఆంగ్లేయులు ఆక్రమించిన కొన్ని కాలములు తప్ప, 1954 వరకు ఫ్రెంచి పాలనము సాగినది. పాలకుల కార్యాలయమున ఫ్రెంచి, వీథిలో తెలుగు.

జెండా వేరగుటవలన చట్టము వేరగును. చట్టము వేరగుటవలన జీవితమే వేరగును. బ్రిటిషు భారతమున 1929లో ఆమోదింపబడిన బాల్యవివాహ నిరోధక శాసనము యానాములో చెల్లదు. ఆ కారణమున చుట్టుప్రక్కల జిల్లాల కుటుంబములు ఆ ఎల్లదాటి వచ్చి పిల్లల పెండ్లిండ్లు జరిపించి వెళ్ళెడివి. కొన్ని అడుగుల దూరమున నేరమైనది ఇచ్చట వేడుక. ఎల్లను మనము గర్వమునకే గాక, తప్పించుకొనుటకును వాడుకొంటిమని చరిత్ర నిష్పక్షపాతముగా వ్రాయవలెను.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వమున ఉద్యమకారులు యానాము పరిపాలనమును చేజిక్కించుకొనిరి. ఆ నవంబరు 1న ఫ్రెంచి స్థావరముల పాలనము వాస్తవముగా భారత ప్రభుత్వమునకు మారినది. 1956 నాటి ఒప్పందము అమలులోనికి వచ్చి 1962 ఆగస్టు 16న చట్టరీత్యా విలీనము పూర్తియైనది. భాషాప్రయుక్త రాష్ట్రముల యుగమున యానాము పొరుగు తెలుగు జిల్లాలో కలియలేదు. ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడిన దూరమునందలి పుదుచ్చేరితోనే నిలిచినది. అచ్చట తెలుగునకు ప్రమాదము లేదు. బడిలో, అంగడిలో, ఇంట అదియే భాష. రాష్ట్రము వేరైనను, ఊరంతయు ఒకే భాష పలుకునంతవరకు భాషకు లోటురాదని యానాము తెలుపుచున్నది.

తేలిన విషయములు

పై పరిశీలనమునుండి మూడు విషయములు తేలుచున్నవి. మొదటిది: తరలిన జనమునకు భాషను నిలుపునది ఇల్లు ఒక్కటియే గాదు. తంజావూరున తెలుగు నాలుగు శతాబ్దములు నిలిచినది పాటవలనను, ఆటవలనను. ఇల్లు ఒక్కటియే ఆధారమైనచోట భాష క్రమక్రమముగా వంటయింటికిని, అచ్చటనుండి ముసలివారి మంచమునకును కుదించుకొనిపోవును. రెండవది: ఎల్లలు తరలినచోట భాషను నిలుపునది బడి. అందుకై రాజ్యాంగమున 1956 నాటి ఏడవ సవరణము 350 (ఏ) అధికరణమును చేర్చినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించు సౌకర్యములు కలిగించుటకు రాష్ట్రములు ప్రయత్నింపవలెనని అది చెప్పుచున్నది. అక్షరము శాసనమున నున్నది; దానిని అడుగుటకు బడియీడు పిల్లలతో తల్లిదండ్రులు ముందుకు రావలెను.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. మనము ఒక ప్రముఖుని ‘పూర్తిగా మనవాడే’ అని దండోరా వేసినప్పుడు, ఆ మాట హైదరాబాదులోను విజయవాడలోను చప్పట్లు కొట్టించును. కాని దాని మూల్యమును చెల్లించువారు కోలారులోను, బరంపురములోను, షోలాపురములోను నివసించు తెలుగువారు. ‘మీవారు మీరే, ఇచ్చటివారు కారు’ అని ఇరుగుపొరుగువారు అనుటకు మనమే మాట అందించినవారమగుదుము. అయిదువందల ఏండ్లుగా ఒక నేల నీరు త్రాగి, ఆ నేలకు ఆనకట్టలు, పాటలు, బట్టలు, ఆటలు ఇచ్చినవారిని పరాయివారిగా మార్చు గర్వము మనకు వలదు. విశ్వేశ్వరయ్యగారు కన్నడదేశపు నిర్మాత. వారి ఇంటిపేరు మన ఊరిది. త్యాగయ్యగారు కావేరీ సీమవారు. వారి పలుకు మనది. ఇట్లు రెండు వాక్యములును కలిపి చెప్పుట సత్యమునకును, అచ్చటి తెలుగువారి క్షేమమునకును అనుకూలము.

కావున చేయవలసిన పని పేర్ల పట్టికలను పెంచుట గాదు. ఊళ్ళ చరిత్రలను కూర్చుట. ఏ ఊరినుండి ఏ ఊరికి, ఏ కాలమున, ఏ వృత్తితో వెళ్ళిరి? గుడిలోని దానశాసనమున ఏ లిపి యున్నది? పాత భూమి పత్రములు, శుభలేఖలు, ఉత్తరములు ఏ భాషలో నున్నవి? తాత ఏ భాషలో లెక్క వ్రాసెను, మనుమడు ఏ భాషలో సంతకము చేయుచున్నాడు? ఈ ప్రశ్నలకు సమాధానములు చెప్పగల వృద్ధులు ప్రతి పేటలోను నేటికిని కలరు; పెట్టెలలో పత్రములును కలవు. వ్రాసికొనుటకు పెద్ద విద్వత్తు అక్కరలేదు. ఊరి పేరును, సంవత్సరమును, చెప్పినవారి మాటను ఉన్నదున్నట్లు వ్రాయు శ్రద్ధ చాలును. ప్రతి సంఘమును తన ఊరికి సంబంధించినంతవరకు ఈ పనిని పూనుకొనినచో, ముందుతరమువారు తాము ఎచ్చటివారో తెలిసికొనుటకు ఇతరుల పొగడ్తలపైనను, ఇతరుల నిందలపైనను ఆధారపడనక్కరలేదు.